తూకం చెప్పని సంగతి: కురుపాం మన్యంలో అనోరెక్సియా

పార్వతీపురం మన్యం జిల్లా కురుపాం, గుమ్మలక్ష్మీపురం వైపు ఆడపిల్ల చిక్కిపోతే మొదట వినిపించే మాట ‘రక్తం తక్కువ’. ఆ మాట చాలాసార్లు నిజమే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15–49 ఏళ్ల స్త్రీలలో 57 శాతం మందికి రక్తహీనత ఉంది, 18.7 శాతం మంది ఎత్తుకు తగిన బరువు లేరు. చోడి అంబలితో పొద్దు గడిపే ఇళ్లున్న సవర, జాతాపు గూడేల్లో, మలేరియా తిరగబెట్టే కొండవాలుల్లో, సన్నదనానికి ఇంకో కారణం వెతకాలని ఎవరికీ తోచదు. అనోరెక్సియా నెర్వోసా ఇక్కడ అరుదే కావచ్చు. కాని అసలు లేదని చెప్పడానికి ఆధారం లేదు. మన చేతిలో ఉన్న కొలమానానికి అది కనిపించదు. ఈ వ్యాసంలో నా వాదన ఇదే.

ముందు పేరు సంగతి చూడాలి. లండన్‌లో విలియమ్ గల్, పారిస్‌లో లాసెగ్ 1873 ప్రాంతంలో వర్ణించిన ఈ జబ్బు పేరుకు గ్రీకులో ఆకలి లేకపోవడమని అర్థం. ఆ అర్థమే తప్పుదారి పట్టిస్తుంది. ‘అన్నం సయించడం లేదు’ అన్నది కామెర్లు వచ్చిన మనిషి మాట, క్షయ పట్టిన మనిషి మాట. అనోరెక్సియాలో చాలాకాలం ఆకలి ఉంటుంది, దాన్ని అణచుకోవడమే జబ్బు. పందొమ్మిదేళ్ల అమ్మాయిలు ఇద్దరున్నారనుకుందాం. ఇద్దరూ 150 సెంటీమీటర్ల ఎత్తు, 36 కిలోల బరువు. శరీర ద్రవ్యరాశి సూచిక ఇద్దరికీ 16. ఒకమ్మాయికి ఇంట్లో తిండి చాలదు. పెడితే తింటుంది, కిలో పెరిగితే మురిసిపోతుంది. రెండో అమ్మాయి హాస్టల్లో కంచం ముందు కూర్చుని అన్నాన్ని అంచుకు నెడుతుంది, గుడ్డు పక్కపిల్లకు ఇచ్చేస్తుంది, అదే కిలో పెరిగితే రాత్రంతా కలవరపడుతుంది. తూకం మిషను ఇద్దరికీ ఒకే అంకె చూపిస్తుంది, రిజిస్టరులోనూ ఒకే అంకె ఎక్కుతుంది.

ఎంతమందికి వస్తుందన్న ప్రశ్నకు దొరికే అంకెలు ఎక్కువగా బయటి దేశాలవే. 2007లో వెలువడిన అమెరికా జాతీయ సర్వేలో జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు ఈ జబ్బు పడినవారు స్త్రీలలో 0.9 శాతం, పురుషులలో 0.3 శాతం. మగవాళ్లకు రాదన్న నమ్మకం ఆ రెండో అంకె దగ్గరే వీగిపోతుంది. అదే ఏడాది ఫిన్లండ్ కవలల మీద వచ్చిన అధ్యయనం స్త్రీలలో 2.2 శాతమని తేల్చింది. అందులో సగం మందిని ఆరోగ్య వ్యవస్థ గుర్తించనేలేదు. అంత బలమైన వైద్య వ్యవస్థ ఉన్నచోటే సగం జారిపోతే, మానసిక వైద్యుణ్ని చూడాలంటే కొండ దిగి బస్సెక్కాల్సిన చోట ఎంత జారిపోతుందో ఊహించవచ్చు. 2015–16 జాతీయ మానసిక ఆరోగ్య సర్వే 12 రాష్ట్రాల్లో జరిగింది. వాటిలో ఆంధ్రప్రదేశ్ లేదు.

ఇది పాశ్చాత్య సంస్కృతి జబ్బు, సన్నబడాలన్న మోజు లేని గూడెంలో ఎలా పుడుతుందని అడగవచ్చు. బలమైన అభ్యంతరమే. కరీబియన్ దీవి కురసావ్‌లో 1995–98 మధ్య వెతికితే అధిక సంఖ్యాకులైన నల్లజాతి జనంలో ఒక్క కేసూ దొరకలేదు. అయితే లావవుతామన్న భయమే ఈ జబ్బుకు గుర్తనుకోవడం సరికాదు. 1993లో హాంకాంగ్‌లో సింగ్ లీ పరిశీలించిన 70 మంది రోగుల్లో 41 మందికి ఆ భయం లేదు. కడుపు ఉబ్బరమనో, తినబుద్ధి కావడం లేదనో చెప్పేవారు. మన దేశంలో ఖండేల్వాల్ బృందం 1995లో వర్ణించిన ఐదుగురు యువతులు కూడా తిండి మానేశారు, బాగా చిక్కిపోయారు, నెలసరి ఆగింది. తాము లావుగా ఉన్నామన్న భ్రమ మాత్రం లేదు. పరాయి ప్రశ్నావళి తెచ్చి నింపించినా ఫలితం దక్కదు. ఉత్తర భారత బాలికల మీద కింగ్, భుగ్రా చేసిన అధ్యయనంలో కొన్ని ప్రశ్నలకు పిల్లలు ఉపవాసాలను దృష్టిలో పెట్టుకుని జవాబులిచ్చారు.

రక్తహీనతకే మందు సరిగా అందని చోట ఈ అరుదైన జబ్బు కోసం ఖర్చెందుకన్నది రెండో అభ్యంతరం. ఆ బాధ నాకూ ఉంది, తిండి ముందు అందాలి. 2025 అక్టోబరులో కురుపాం గిరిజన గురుకులంలో బాలికలకు కామెర్లు సోకిన తర్వాత నీళ్ల సంగతి వదిలి మరేదో మాట్లాడడం న్యాయం కాదు. కాని నేను కోరేది కొత్త పథకం కాదు. ఐరన్ మాత్రలు, మంచి భోజనం అందాక కూడా బరువు పెరగని పిల్లలను, మగపిల్లలతో సహా, క్షయకూ కామెర్లకూ పరీక్షించాక విడిగా కూర్చోబెట్టి మాట్లాడాలి. ఆ మాట సవరలోనో, పిల్లకు అలవాటైన తెలుగులోనో సాగాలి. కంచంలో ఎంత మిగిలిందో రోజూ చూసే వంటమనిషిని కూడా అడగాలి. బరువు పెరిగితే నీకెలా ఉంటుందన్న ప్రశ్నకు రిజిస్టరులో ఇప్పటికి గడి లేదు.