బుపివకైన్

బుపివకైన్ శస్త్రచికిత్స తరువాత కలిగే నొప్పిని తగ్గించడానికి వాడే స్థానిక మత్తుమందు. ఇది నొప్పి సంకేతాలను నరాలలోనే అడ్డుకొంటుంది. రోగి స్పృహ కోల్పోడు.

భద్రత

సాధారణంగా మోతాదు శరీర బరువులో కిలోకు 2 మిల్లీగ్రాములు మించరాదు. అనగా 50 కిలోల వ్యక్తికి 0.5 శాతం ద్రావణం 20 మిల్లీలీటర్లే గరిష్ఠం. మందు రక్తనాళంలోకి పోకుండా, సూది గుచ్చాక సిరంజిని వెనక్కి లాగి చూసి, కొద్దికొద్దిగా ఎక్కిస్తారు. పెదవుల చుట్టూ తిమ్మిరి, చెవుల్లో హోరు విషప్రభావానికి తొలి సూచనలు కావచ్చు. ఆపై మూర్ఛ రావచ్చు, గుండె ఆగిపోవచ్చు. అప్పుడు ప్రాణవాయువు అందిస్తూ 20 శాతం కొవ్వు ఎమల్షన్‌ను సిరలోకి ఎక్కిస్తారు.

హైదరాబాదు కమిషన్లు

1888, 1889లలో ఎడ్వర్డ్ లారీ చొరవతో హైదరాబాదులో పనిచేసిన క్లోరోఫాం కమిషన్లు మత్తు ఇచ్చేటపుడు శ్వాసను గమనిస్తే చాలునని భావించాయి. క్లోరోఫాం గుండెను నేరుగా ఆపగలదని తరువాత రుజువైంది. బుపివకైన్ విషయంలోనూ శ్వాసతోపాటు గుండె లయను గమనించడం తప్పనిసరి.