హైదరాబాదు ఫుట్‌బాలు: ఆటగాండ్ర వలసలు

చర్ల వంటి అరణ్యసీమలలో నేడు బంతి వెంట పరుగెత్తు బాలురు, ఒకానొక కాలమున భారత ఫుట్‌బాలునకు హైదరాబాదు పట్టుగొమ్మయై యుండెనను సంగతి నెరుగుట యావశ్యకము. సయ్యద్ అబ్దుల్ రహీము శిక్షణమున రాటుదేలిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు, 1950 మొదలు 1954 వరకు వరుసగా ఐదు మారులు రోవర్స్ కప్పును గెలిచి దేశమును విస్మయపరచెను.

అయినను సర్కారు కొలువు తప్ప వేరు ధనబలము చూపజాలని ఆ జట్టు, అశేషజనాదరణముగల కలకత్తా క్లబ్బుల యాకర్షణము నెదుర్కొనలేకపోయెను. సికింద్రాబాదు బిడ్డ తులసీదాస్ బలరాం 1957లో ఈస్ట్ బెంగాలును చేరి కీర్తి గడించి, అనారోగ్యకారణమున ముప్పదియేండ్లైనను నిండకమునుపే 1963లో ఆట విరమించెను. 1966లో అదే క్లబ్బున చేరిన హైదరాబాదు ఆటగాడు మహమ్మద్ హబీబు, పిదప మోహన్ బగాను పక్షమున 1977లో పెలే ఆడిన కాస్మోస్ జట్టు నెదిరించెను.

తరువాతి కాలమున ఇట్లు ధనిక క్లబ్బులే ప్రతిభనెల్ల కొనివేయకుండుటకై ఇండియన్ సూపర్ లీగు జీతవ్యయమునకు పరిమితి విధించినది. 2019లో వెలసిన హైదరాబాదు ఎఫ్‌సీ, ముప్పదియేడేండ్ల ఆటగాడు ఒగ్బెచే సాధించిన 18 గోల్స్ అండతో 2022లో ఆ లీగు విజేతయయ్యెను. కాని వేతనబకాయిల పాలై, యాజమాన్యము మారి, 2025లో ఢిల్లీకి తరలిపోయెను. వ్యయపరిమితితోపాటు సకాలవేతనమును, స్థానికబాలుర పోషణమును నియమములైననే తెలుగునాట ఈ క్రీడ నిలుచును.