హ్యాకర్

పత్రికలో హ్యాకర్ అన్న మాట కనబడితే చాలు, ఎవరి బ్యాంకు ఖాతా ఖాళీ అయిందోనని చూస్తాం. ఆ మాట పెరిగిన చోట దొంగతనం ఊసే లేదు. 1950ల చివర్లో అమెరికాలోని ఎంఐటీలో బొమ్మ రైళ్లు నడిపే విద్యార్థుల క్లబ్బు ఒకటి ఉండేది. పట్టాల కింది వైర్లు, రిలేలతో ఎవరైనా చమత్కారమైన పని చేస్తే దాన్ని ‘హ్యాక్’ అనేవారు. చేసినవాడు హ్యాకర్. ఆ కుర్రాళ్లే తర్వాత టీఎక్స్-0 కంప్యూటర్ ముందు రాత్రుళ్లు గడిపారు. మాటా వాళ్ల వెంటే వెళ్లింది. యంత్రం లోపల ఏం జరుగుతోందో విప్పి చూడాలన్న తపన, తెలిసింది దాచుకోకుండా పంచే గుణం, రెండూ అందులో ఉన్నాయి. 1983లో రిచర్డ్ స్టాల్‌మన్ ఎవరైనా స్వేచ్ఛగా వాడుకుని మార్చుకోగల సాఫ్ట్‌వేర్ కోసం గ్నూ ప్రాజెక్టు ప్రకటించడం వెనుక ఉన్నదీ ఆ సంస్కృతే.

అదే ఏడాది ‘వార్‌గేమ్స్’ సినిమా, కంప్యూటర్లలోకి చొరబడ్డ కుర్రాళ్ల వార్తలు మాటకు మచ్చ తెచ్చాయి. అలాంటివాళ్లను ‘క్రాకర్’ అనండని ప్రోగ్రామర్లు మొత్తుకున్నా పత్రికలు పట్టించుకోలేదు. కోడ్ రాసి బతికే నాకు ఇది అన్యాయమనే అనిపిస్తుంది. దొంగను పిలవడానికి మనకు ‘సైబర్ నేరగాడు’ ఉండనే ఉంది. పాత అర్థం ఇంకా నిలిచింది అందరూ ఒకచోట కూడి కోడ్ రాసే కార్యక్రమానికి 1999లో పుట్టిన ‘హ్యాకథాన్’ అన్న మాటలో. హైదరాబాద్ కాలేజీల్లో పిల్లలు దాన్ని ఏ సంకోచమూ లేకుండా వాడుతున్నారు.