రోగుల పేర రాసిచ్చిన ద్రాక్షతోటలు



ఫ్రాన్స్‌లో బర్గండీ అనే ప్రాంతముంది. యుద్ధంతో, కరువుతో అక్కడి జనం చితికిపోయిన రోజుల్లో, 1443లో, బోన్ పట్టణంలో నికొలా రోలాన్ అనే రాజోద్యోగి, ఆయన భార్య గిగోన్ బీదల కోసం ఆసుపత్రి స్థాపించారు. తర్వాత దాతలు తమ ద్రాక్షతోటలను దాని పేర రాసిచ్చారు. 1859 నుండి ఆ తోటల ద్రాక్షారసాన్ని పీపాల లెక్కన వేలం వేస్తున్నారు.

నవంబరు వేలంలో అమ్మేది ఆ ఏటి కొత్త రసం. ఎర్రరసమైతే ఇంకా వగరుగా, కరుకుగా ఉంటుంది. కొన్నవారు దాన్ని పీపాల్లో, ఆపై సీసాల్లో చల్లని నేలమాళిగలో ఏళ్ల తరబడి ఉంచుతారు. వగరు మెత్తబడుతుంది, ఎరుపు ఇటుక రంగుకు తిరుగుతుంది, మడ్డి అడుగుకు దిగుతుంది. వడ్డించే ముందురోజే సీసాను నిలబెట్టి ఉంచి, మడ్డి కదలకుండా మెల్లగా వంచుతారు.

గమనించండి: రసం పక్వానికి రావడానికి ఏళ్లు పట్టినా, మంచం మీది రోగి అన్నేళ్లు ఆగలేడు. అందుకే రుచి కొన్నవారి వంతు, ఓపిక కూడా వారి వంతే. వెల మాత్రం ముందే ఆసుపత్రికి చేరింది. తోట రాసిచ్చినవారు ఆ రుచిని గానీ, బాగుపడి ఇంటికి వెళ్లిన రోగులను గానీ చూసి ఉండకపోవచ్చు. అయినా ఇచ్చారు.

మనం ద్రాక్షారసం ముట్టకపోవచ్చు. ఆ ఇచ్చే తీరు మాత్రం నేర్చుకోదగినది.