ఫ్లోరైడు నీరు – రెండు సూత్రముల కథ

నేడు సూర్యాపేట జిల్లాలో నున్న మునగాల, పూర్వము నిజాం రాజ్యము నడుమ నుండియు మద్రాసు రాజధానికి చెందిన పరగణా. ఆ రాజధానిలోని నెల్లూరు ప్రాంతమున గారపళ్ళకు, ఎముకల బిగువునకు త్రాగునీటి ఫ్లోరైడే కారణమని 1937లో వైద్యులు ప్రకటించిరి. పిమ్మట మునగాల పొరుగున నల్లగొండ సీమలోను ఈ పీడ తీవ్రముగా బయటపడినది. అచ్చటి నల్లరాతి పొరలలోని ఖనిజముల నుండి ఫ్లోరైడు బావినీటిలో కరగుచుండును.

దీనిని తొలగించు మార్గములలో అధిశోషణమొకటి. ఘనపదార్థపు ఉపరితలమునకు ద్రవములోని కణములు అంటుకొనుటయే అధిశోషణము. ఉత్తేజిత అల్యూమినా ఫ్లోరైడు నిట్లు పట్టుకొనును. 1970 దశకమున నాగపూరు పరిశోధన సంస్థ రూపొందించిన ‘నల్లగొండ పద్ధతి’లో పటిక, సున్నము కలుపగా ఏర్పడు తెట్టెయు ఫ్లోరైడును పట్టి అడుగునకు దింపును.

అయితే ఎంత నీటికి ఎంత పొడి కావలెను? ఇందుకు రెండు సూత్రములు ప్రసిద్ధములు. 20వ శతాబ్ది ఆరంభమున జర్మను శాస్త్రజ్ఞుడు ఫ్రాయిండ్లిష్ ప్రచారములోనికి తెచ్చిన సూత్రము ప్రయోగఫలితముల పోకడను మాత్రమే చెప్పును. 1918లో అమెరికా శాస్త్రజ్ఞుడు లాంగ్మ్యూర్ వేరుగా ఆలోచించెను. ఉపరితలమున స్థానములు పరిమితములు, ఒక్కొక్క దానిలో ఒక్క కణమే ఇముడును; కావున పొడి పట్టుకొను ఫ్లోరైడునకు ఒక గరిష్ఠపరిమితి యుండును.

ఊహకొక ఉదాహరణము. లీటరు నీటిలో 10 మిల్లీగ్రాముల ఫ్లోరైడు మిగిలినపుడు గ్రాము పొడి 5 మిల్లీగ్రాములు, 30 మిగిలినపుడు 7.5 మిల్లీగ్రాములు పట్టినదనుకొందము. రెండు సూత్రములును ఈ కొలతలకు సరిపోవును. 20 వద్ద వాని తేడా అత్యల్పము. కాని 1 మిల్లీగ్రాము వద్ద లాంగ్మ్యూర్ లెక్క 0.9, ఫ్రాయిండ్లిష్ లెక్క 2.1! లీటరుకు 3 మిల్లీగ్రాములున్న నీటిని 1కి దించవలెనన్న, కిలో పొడి ఒక లెక్కలో సుమారు 450 లీటర్లకు, మరొక లెక్కలో 1,070 లీటర్లకు చాలును. పెద్ద లెక్కను నమ్మి పొడి వేసి, అది తప్పైనచో, ఆ నీరు త్రాగు పిల్లల ఎముకలే నష్టపోవును.

పూర్వము గ్రాఫు కాగితముపై సరళరేఖ వచ్చుటకై విలోమములు తీసెడివారు. అందువలన చిన్న కొలతలలోని దోషములు పెద్దవగుచుండెను. నేడు గణకయంత్రము వక్రరేఖనే నేరుగా సరిపోల్చును. అయినను కొలవని చోట సూత్రము చెప్పునది అంచనాయే. బావినీటిలో ఎంత ఫ్లోరైడున్నదో, ఎంతకు దించవలెనో, ఆ పరిధిలోనే ప్రయోగము జరుపవలెను.