పరాయి దేశంలో తుదిదశ సంరక్షణ: ఒక చరిత్ర

ముదిరిన క్యాన్సర్‌తో ఉన్న రోగినే కాక, పక్కన ఉండి సేవచేసే జీవిత భాగస్వామిని కూడా ఆదుకోవలసిన బాధ్యత వైద్యులదేనన్న ఆలోచన ఇరవయ్యో శతాబ్ది ఉత్తరార్ధంలో గాని ఆధునిక వైద్యంలో స్థిరపడలేదు. పైగా దాని మూలాలు వెదికితే అయినవారికి దూరంగా కన్నుమూసిన ఒక వలసజీవి కనిపించడం గమనించదగ్గ విషయం.

వార్సా నుంచి వచ్చిన పోలిష్ యూదుడు డేవిడ్ టాస్మా 1948లో లండన్ ఆసుపత్రిలో క్యాన్సర్‌తో మరణిస్తూ, తనను పలకరించడానికి వచ్చే ఆసుపత్రి సామాజిక కార్యకర్త సిసిలీ సాండర్స్‌కు 500 పౌండ్లు రాసి ఇచ్చాడు. వారిద్దరి సంభాషణల్లో రూపుదిద్దుకొన్నది, మరణానికి చేరువైనవారు నొప్పి లేకుండా, మనిషి తోడుతో గడపగల ఒక చోటు గురించిన ఊహ. ఆమె ఆ తరువాత వైద్యం చదివి 1957లో పట్టా పొంది, నొప్పి తిరగబెట్టకముందే వేళ తప్పకుండా మార్ఫిన్ ఇచ్చే పద్ధతిని హాక్నీలోని సెయింట్ జోసెఫ్స్‌లో పరిశీలించి, 1967లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్‌ను, అంటే తుదిదశ రోగుల ఆశ్రయాన్ని, స్థాపించింది. శరీరబాధకు తోడు మనోవేదన, కుటుంబ చింత, ఆధ్యాత్మిక కలత కలిసినదాన్ని ఆమె ‘సంపూర్ణ వేదన’గా వివరించింది. 1969లో అక్కడి నర్సులు రోగుల ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టడం, అంతవరకు ఒంటరిగా రాత్రులు మేలుకొన్న భార్యకో భర్తకో మందు మోతాదు అడగడానికి ఒక మనిషి దొరకడమే కనుక, ఈ చరిత్రలో భవననిర్మాణం కంటే పెద్ద మలుపు.

ఉమ్మడి బంధుత్వాలున్న చోట పదిమంది పంచుకొనే ఈ సేవాభారమంతా ప్రవాసంలో ఒక్కరి మీద పడుతుంది. అమెరికాలో 1993 నాటి కుటుంబ, వైద్య సెలవు చట్టం అర్హులైన ఉద్యోగులకు భాగస్వామి సేవకోసం ఏడాదికి 12 వారాల సెలవు కల్పించింది గాని, అది జీతం లేని సెలవు. ఇక రోగి ఉద్యోగ వీసాపై ఆధారపడిన భాగస్వామికి, తెలుగు కుటుంబాల్లో ఎందరికో వర్తించే స్థితి ఇది, ఆ ఉద్యోగం పోతే దేశంలో ఉండే హక్కే ప్రశ్నార్థకమవుతుంది. ఈ బాధను ఏ వైద్యశాస్త్ర గ్రంథమూ తగినంతగా పట్టించుకోలేదనిపిస్తుంది.

స్వదేశానికి తిరిగివద్దామన్నా చిక్కు తప్పలేదు. భారతదేశంలో 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద రాష్ట్రానికో తీరు అనుమతులు అవసరమై, ఆసుపత్రులు మార్ఫిన్ నిల్వ ఉంచడానికే జంకాయి. 1993లో కోళిక్కోడ్‌లో మొదలైన ఉపశమన సేవా సంఘం, అంటే జబ్బు నయం కాకున్నా బాధను తగ్గించే చికిత్స అందించే సంస్థ, కేరళలో దారి చూపింది, హైదరాబాదు ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలోనూ ఆ సేవలు వేళ్లూనాయి. ఆ చట్టానికి 2014లో వచ్చిన సవరణ నిబంధనలను దేశమంతటికీ ఏకరీతిగా సరళం చేసినా, మార్ఫిన్ రాయగల శిక్షణ ఉన్న వైద్యుడు అన్ని ఊళ్లలోనూ దొరకడు గనుక, రోగితో తిరుగుప్రయాణం తలపెట్టే భాగస్వామి విమానం టికెట్టుకంటే ముందు ఆ వైద్యుణ్ణి వెదకవలసి వస్తున్నది.