ఆకలి లెక్కలు – 6: రోడ్డు దాటితే తగ్గిన 300 కేలరీలు

మెదక్‌కు మెతుకుసీమ అని పేరు. ఆ మెతుకు ఎవరి చెమటతో పండింది, ఎవరి కంచంలోకి చేరింది అన్నదే ఈ వారం లెక్క.

మన ఊళ్లలో ‘జీతం ఉన్నడు’ అంటే నౌకరీ దొరికిందని కాదు. పటేలు ఇంట్లో ఏడాది చాకిరీకి కుదిరాడని అర్థం. ఆ చాకిరీకి జొన్నలు కొలిచేవారు, ఆ జొన్నల్లోంచే పాత అప్పు కోసుకునేవారు. 1976లో వెట్టి కార్మిక వ్యవస్థ రద్దు చట్టం వచ్చింది. అదే దశకంలో బొంబాయి రోడ్డు పక్కన పటాన్‌చెరులో ఫ్యాక్టరీల గొట్టాలు లేచాయి. మాల, మాదిగ వాడల నుంచి జనం అటు నడిచారు. ఏడాది జీతం పోయి నెల జీతం వస్తుందని ఆశ. చాలామందికి దొరికింది మాత్రం కాంట్రాక్టరు కింద రోజు కూలి.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఢిల్లీలో పేదరికానికి గీత గీశారు. ప్రణాళికా సంఘం వేసిన వై.కె. అలఘ్ కార్యబృందం 1979లో నివేదిక ఇచ్చింది. మనిషికి రోజుకు ఊళ్లో 2400 కేలరీలు, పట్నంలో 2100. 1973–74 ధరల్లో అంత తిండి తినగలిగే కుటుంబాల నెల ఖర్చు తలకు ఊళ్లో 49.09 రూపాయలు, పట్నంలో 56.64 రూపాయలు.

ఈ 2400, 2100 ఎక్కడివి? జనం వయసు, ఆడా మగా, చేసే పని, అన్నీ చూసి తీసిన సగటు. అంటే లెక్కలో వృత్తి ఉంది. కానీ సగటులో కరిగిపోయింది. గడ్డపార పట్టినోడినీ గద్దె మీద కూర్చున్నోడినీ కలిపి భాగిస్తే, కూర్చున్నోడి తక్కువ అవసరం పనోడి అవసరాన్ని కిందికి గుంజుతుంది.

ఎంత గుంజుతుందో చూడండి. భారత వైద్య పరిశోధన మండలి నిపుణుల 1989 నాటి లెక్క ప్రకారం కూర్చుని పనిచేసే మగవాడికి 2425 కేలరీలు చాలు. బరువు పని చేసేవాడికి 3800 కావాలి. ఆడవాళ్లలో ఇవే 1875, 2925. ఊరికీ పట్నానికీ తేడా 300. పనికీ పనికీ తేడా 1375!

ఇప్పుడు కందిలో కైకిలి చేసే మనిషి పటాన్‌చెరు వచ్చి లారీల నుంచి మూటలు దించుతున్నాడనుకోండి. వీపు మీద బరువు తగ్గలేదు. కాగితం మీద మాత్రం అతని ఇంటి గీత తలకు 300 కేలరీలు దిగిపోయింది. ఊళ్లో పొలం గట్టున గునుగు కూర, పొనగంటి కూర పైసా లేకుండా దొరికేవి. ఇక్కడ కొత్తిమీర కట్టా కొనాలి. అదీ రూం కిరాయి కట్టిన తర్వాత. 2015 నుంచి తెలంగాణ రేషన్‌లో మనిషికి నెలకు 6 కిలోల బియ్యం. రోజుకు 200 గ్రాములు, సుమారు 700 కేలరీలు. మిగతాదంతా కూలి డబ్బుల్లోంచే రావాలి.

మరి ఆ కూలి ఎలా కట్టాలి? 1957లో 15వ భారత కార్మిక సదస్సు కనీస వేతనానికి ఒక కొలత చెప్పింది. డాక్టర్ ఐక్రాయిడ్ సూచన ప్రకారం పెద్ద మనిషికి 2700 కేలరీలు, ఒక సంపాదనపై మూడు యూనిట్ల కుటుంబం. అదీ ఓ మోస్తరు శ్రమకే. బరువు పనికి కాదు.

2014లో రంగరాజన్ కమిటీ గీతను ఊళ్లో 2155, పట్నంలో 2090 చేసింది. ఊరికీ పట్నానికీ తేడా 65కి వచ్చింది. పనికీ పనికీ మధ్య అగాధాన్ని మాత్రం ఎవరూ పూడ్చలేదు. బరువు పని ఏ వాడల మీద పడిందో మనకు తెలుసు. కులం పని పంచింది, సగటు ఆ పంపకాన్ని దాచింది.

కాబట్టి ఆకలి లెక్క రాసుకోవడానికి వచ్చినవాడు ఊరా పట్నమా అని అడిగే ముందు, ‘ఏం పని చేస్తారు, ఎంత బరువు మోస్తారు’ అని అడగాలి. అప్పుడే మెతుకుసీమలో మెతుకు లెక్క తేలుతుంది.

జై భీమ్.